కెనడాలో ట్యాక్స్ ఫైలింగ్: ముందు స్లిప్పులు సరిచూసుకోండి, తర్వాతే సాఫ్ట్‌వేర్

ఫిబ్రవరి వచ్చిందంటే బ్రాంప్టన్ నుంచి కాల్గరీ దాకా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "ట్యాక్స్‌కి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" గంటలో పది జవాబులు వస్తాయి. ఎవరు వాడేది వాళ్లకు మంచిది. మీకు రావాల్సిన స్లిప్పులన్నీ, అంటే ఏడాదిలో మీ లెక్కలు చూపుతూ కంపెనీలు, బ్యాంకులు, కాలేజీలు ఇచ్చే కాగితాలన్నీ, వచ్చాయా అని మాత్రం ఎవరూ అడగరు. కెనడా రెవెన్యూ ఏజెన్సీ, అదే సీఆర్ఏ, ఆమోదించిన సాఫ్ట్‌వేర్లన్నీ ఒకే చట్టం ప్రకారం లెక్కవేస్తాయి. ఒకే అంకెలిచ్చి, ఒకే ప్రశ్నలకు ఒకే జవాబులు చెబితే రిఫండ్ అన్నింటిలోనూ ఒకటే రావాలి. తేడా వచ్చిందంటే ఎక్కడో ఒక గడి వేరేగా నింపారన్నమాట.

అందుకే ఇక్కడ వరస మార్చాను. ముందు స్లిప్పులు చూద్దాం. మీ చేతిలో ఏ స్లిప్పులున్నాయో తేలాక ఏ సాఫ్ట్‌వేర్ కావాలో దానంతట అదే తేలుతుంది. ఇందులోని అంకెలు 2025 పన్ను సంవత్సరానివి, అంటే 2026 ఏప్రిల్ 30లోగా ఫైల్ చేయాల్సిన రిటర్న్‌వి. సొంత వ్యాపారం, ఊబర్ లాంటివి ఉన్నవాళ్లకు రిటర్న్ గడువు జూన్ 15. కానీ కట్టాల్సిన పన్ను ఉంటే వడ్డీ మాత్రం ఏప్రిల్ 30 దాటగానే మొదలవుతుంది. ఈ సంగతి తెలియక చాలామంది జూన్ దాకా నింపాదిగా కూర్చుంటారు.

మొదటి అడుగు: స్లిప్పుల జాబితా మీరే రాసుకోండి

సీఆర్ఏ అకౌంట్ తెరిచి అక్కడ ఏమున్నాయో చూడటం రెండో పని. మొదటి పని ఒక కాగితం తీసుకుని పోయిన జనవరి నుంచి డిసెంబర్ దాకా డబ్బు ఎక్కడెక్కడి నుంచి వచ్చిందో రాసుకోవడం. రెండు వారాలు చేసి మానేసిన వేర్‌హౌస్ ఉద్యోగం, వెల్‌కమ్ బోనస్ కోసం తెరిచి మరిచిపోయిన సేవింగ్స్ అకౌంట్, షేర్ల యాప్, కాలేజీ, ఉద్యోగం పోయినప్పుడు తీసుకున్న ఈఐ (ఉద్యోగ బీమా), అన్నీ రాయండి. గుర్తు లేకపోతే బ్యాంకు స్టేట్‌మెంట్ ఒకసారి పై నుంచి కిందికి చూస్తే చాలు.

ఒక్కో పేరు పక్కన రావాల్సిన స్లిప్పు రాయండి. జీతానికి టీ4. స్కాలర్‌షిప్‌లు, పెన్షన్లు, కొన్ని రకాల కాంట్రాక్ట్ ఫీజులకు టీ4ఏ. ఈఐకి టీ4ఈ. బ్యాంకు వడ్డీకి, డివిడెండ్లకు టీ5. మ్యూచువల్ ఫండ్లు, చాలా ఈటీఎఫ్‌లకు టీ3. షేర్లు అమ్మితే టీ5008. కాలేజీ ఫీజుకు టీ2202. దీన్ని మామూలుగా కాలేజీ పోర్టల్ నుంచి మీరే దించుకోవాలి. ఆర్ఆర్ఎస్‌పీలో (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) వేస్తే రసీదులు, ఎఫ్‌హెచ్ఎస్ఏ (మొదటి ఇంటి కోసం పొదుపు ఖాతా) ఉంటే టీ4ఎఫ్‌హెచ్ఎస్ఏ. క్యూబెక్‌లో ఉద్యోగమైతే టీ4తో పాటు ఆర్ఎల్-1 కూడా వస్తుంది.

వీటిలో ఎక్కువ భాగం ఫిబ్రవరి నెలాఖరుకు వచ్చేయాలి. టీ3కి మాత్రం మార్చి ఆఖరు దాకా గడువుంది. ఫండ్లు ఉన్నవాళ్లు మార్చి మొదటి వారంలోనే ఫైల్ చేసేసి, ఏప్రిల్‌లో టీ3 చేతికొచ్చాక తల పట్టుకోవడం ఏటా జరిగేదే. మీ జాబితాలో టీ3 ఉంటే తొందరపడకండి.

ఇంకో చిక్కు. ఏడాది వడ్డీ 50 డాలర్ల లోపైతే బ్యాంకు టీ5 ఇవ్వకపోవచ్చు. స్లిప్పు రాలేదని ఆదాయం ఆదాయం కాకుండా పోదు. 31 డాలర్లు వచ్చినా రిటర్న్‌లో చూపాలి.

రెండో అడుగు: టీ4ను చివరి పేస్టబ్ పక్కన పెట్టి చదవండి

టీ4లో చాలా గడులు ఉంటాయి కానీ గట్టిగా చూడాల్సినవి కొన్నే. డిసెంబర్ చివరి పేస్టబ్ (జీతం చీటీ) తెరిచి అందులో ఏడాది మొత్తం చూపే కాలమ్ పక్కన పెట్టుకోండి.

14వ బాక్సు మొత్తం జీతం. ఇది పేస్టబ్‌లోని మొత్తంతో అచ్చంగా కలవకపోతే కంగారు పడక్కర్లేదు. కంపెనీ కట్టే లైఫ్ ఇన్సూరెన్స్ లాంటి సౌకర్యాల విలువ పన్ను పడే ఆదాయంగా ఇందులో కలుస్తుంది. ఆ విలువ కింద 40వ బాక్సులో విడిగా కూడా కనిపిస్తుంది. అది 14లో ముందే కలిసిపోయి ఉంటుంది కాబట్టి మళ్లీ కలపకూడదు. డిసెంబర్‌లో చేసిన పనికి జీతం జనవరిలో పడితే అది కొత్త ఏడాది లెక్కలోకే వెళ్తుంది. ఈ రెండు కారణాలతోనూ తేడా తేలకపోతే అప్పుడు పేరోల్ వాళ్లను అడగండి.

22వ బాక్సు కోసిన పన్ను. ఇది పేస్టబ్‌తో సెంటు వరకు కలవాలి. 16వ బాక్సు సీపీపీ (కెనడా పెన్షన్ ప్లాన్‌కు కోసేది), 16ఏ రెండో విడత సీపీపీ, అంటే జీతం ఒక హద్దు దాటితే ఆ పైమొత్తం మీద కోసేది, 18వ బాక్సు ఈఐ ప్రీమియం. వీటికి ఏడాది గరిష్ఠాలున్నాయి. 2025లో సీపీపీ 4,034.10 డాలర్లు, రెండో విడత 396 డాలర్లు, ఈఐ 1,077.48 డాలర్లు. ఒకే కంపెనీ టీ4లో ఇంతకు మించి ఉంటే స్లిప్పులో తప్పున్నట్టే. రెండు కంపెనీల్లో చేసినవాళ్ల సంగతి వేరు. ఒక కంపెనీ కోసింది ఇంకో కంపెనీకి తెలియదు కదా. ఒకరు ఒక చోట 42,000, ఇంకో చోట 38,000 సంపాదించారనుకోండి. 1.64 శాతం చొప్పున ఈఐ మొదటి చోట 688.80, రెండో చోట 623.20 కోస్తారు. మొత్తం 1,312. గరిష్ఠం 1,077.48 కాబట్టి 234.52 డాలర్లు వెనక్కి రావాలి. ఇది రిటర్న్‌లో 45000 లైన్‌లో కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ తనే లెక్కవేస్తుంది, కాకపోతే రెండు టీ4లూ ఎక్కించి ఉండాలి. చిన్న ఉద్యోగమేలే అని ఒకటి వదిలేస్తే ఈ డబ్బు పోతుంది, పైగా ఆదాయం దాచినట్టూ అవుతుంది.

రెండు ఉద్యోగాల వాళ్లు 22వ బాక్సును కూడా ఇంకోసారి చూడాలి. చేరేటప్పుడు నింపే టీడీ1 ఫారంలో పన్ను లేని ప్రాథమిక మొత్తాన్ని, 2025కి ఫెడరల్‌లో అది 16,129 డాలర్లు, రెండు చోట్లా క్లెయిమ్ చేస్తే ఇద్దరూ పన్ను తక్కువ కోస్తారు. ఏప్రిల్‌లో రిఫండ్‌కు బదులు రెండు మూడు వేలు కట్టమని వస్తుంది. సాఫ్ట్‌వేర్ తప్పు చేసిందని ఇంకో సాఫ్ట్‌వేర్‌కు మారడం అప్పుడే చూస్తుంటాం. అక్కడా అదే వస్తుంది.

10వ బాక్సులో ఉద్యోగం ఏ ప్రావిన్స్‌లో అని ఉంటుంది. మీరు ప్రావిన్షియల్ పన్ను కట్టేది మాత్రం డిసెంబర్ 31న మీరు నివసించిన ప్రావిన్స్‌కు. అల్బర్టా కంపెనీకి అంటారియోలో ఇంటి నుంచి పనిచేసినా, ఏడాది మధ్యలో వాంకూవర్‌కు మారినా సాఫ్ట్‌వేర్ అడిగే ఆ ఒక్క ప్రశ్నకు జవాబు సరిగ్గా పెట్టండి.

12వ బాక్సు సిన్, అంటే సోషల్ ఇన్సూరెన్స్ నంబర్. వలస వచ్చినవాళ్లకు ఇక్కడొక ఇబ్బంది ఉంది. స్టడీ పర్మిట్, వర్క్ పర్మిట్ మీద ఉన్నప్పుడు ఇచ్చే సిన్ 9తో మొదలవుతుంది. పీఆర్ (శాశ్వత నివాసం) వచ్చాక కొత్త నంబర్ ఇస్తారు. ఆ మార్పు కంపెనీకి, బ్యాంకుకు, సీఆర్ఏకు మూడు చోట్లా చెప్పకపోతే కొన్ని స్లిప్పులు పాత నంబర్ మీదే వెళ్తాయి, మీ అకౌంట్‌లో కనిపించవు. పీఆర్ వచ్చిన ఏడాది ప్రతి స్లిప్పు మీదా ఈ గడి చూడటం తప్పనిసరి.

తప్పు దొరికితే సరిచేయాల్సింది స్లిప్పు ఇచ్చినవాళ్లు. వాళ్లు సవరించిన స్లిప్పు ఇస్తారు. మీరే అంకె దిద్ది ఫైల్ చేస్తే సీఆర్ఏ దగ్గరున్న కాపీతో కలవదు. కంపెనీ మూతపడితేనో, స్లిప్పు ఇవ్వకుండా తిప్పుకుంటుంటేనో గడువు దాటనివ్వకండి. పేస్టబ్‌లను బట్టి అంచనా వేసి ఫైల్ చేయొచ్చు, ఆ పేస్టబ్‌లు, మీరు స్లిప్పు అడిగిన ఈమెయిళ్లు దాచుకోవాలి. ఆలస్యమైతే, పన్ను బాకీ ఉన్నవాళ్లకు జరిమానా బాకీలో 5 శాతం, ఆపైన నెలకు 1 శాతం చొప్పున 12 నెలల దాకా పడుతుంది.

షేర్లు, ఆర్ఎస్‌యూలు: ఇక్కడ స్లిప్పును పూర్తిగా నమ్మొద్దు

టీ5008లో 21వ బాక్సు అమ్మితే వచ్చిన డబ్బు, 20వ బాక్సు కొన్న ధర. రెండోది చాలాసార్లు ఖాళీగానో, సున్నాగానో, తప్పుగానో ఉంటుంది. ఎందుకంటే అవే షేర్లు మీకు ఇంకో బ్రోకర్ దగ్గర కూడా ఉంటే అన్నింటి సగటు ధర తీసుకోవాలి, ఆ సంగతి ఈ బ్రోకర్‌కు తెలియదు. సీఆర్ఏ దగ్గరున్న స్లిప్పులను రిటర్న్‌లోకి దించే ఆటోఫిల్ ఆ సున్నాను అలాగే లాక్కొస్తే అమ్మిన మొత్తమంతా లాభమైపోతుంది.

ఐటీ వాళ్లకు ఆర్ఎస్‌యూలతో, అంటే కంపెనీ జీతంలో భాగంగా ఇచ్చే షేర్లతో, ఇంకో రకం నష్టం. షేర్లు వెస్ట్ అయిన, అంటే మీ సొంతమైన, రోజు విలువ జీతంగా టీ4 14వ బాక్సులో కలిసిపోయి ఉంటుంది, దానికి పన్ను కట్టేశారు. తర్వాత అమ్మినప్పుడు ఆ వెస్టింగ్ రోజు విలువే మీ కొన్న ధర. అమెరికా బ్రోకర్ దగ్గర అమ్మితే కెనడా స్లిప్పు రాదు, 1099-బీ వస్తుంది. అందులో కొన్న ధర సున్నా ఉండటం మామూలే. దాన్ని అలాగే ఎక్కిస్తే ఒకే డబ్బుకు రెండుసార్లు పన్ను. వెస్టింగ్ తేదీలు, ఆ రోజు ధర, ఆ రోజు డాలర్ మారకం రేటు ఒక షీట్‌లో రాసి పెట్టుకోవడం తప్ప దీనికి వేరే మందు లేదు.

మూడో అడుగు: స్లిప్పు రాని ఆదాయం

కెనడాలో రెసిడెంట్ అయ్యాక ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా చూపాలి. విజయవాడ బ్రాంచిలో ఉన్న ఎఫ్‌డీ టీ5 పంపదు. ఎన్ఆర్ఈ డిపాజిట్ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు కాబట్టి ఇక్కడా లేదనుకునేవాళ్లు చాలామంది. ఇక్కడ ఉంది. బ్యాంకు నుంచి వడ్డీ సర్టిఫికెట్ తీసుకోండి, కానీ ఏప్రిల్ నుంచి మార్చిది కాదు, జనవరి నుంచి డిసెంబర్‌ది కావాలి. రూపాయలను బ్యాంక్ ఆఫ్ కెనడా ఇచ్చే ఏడాది సగటు రేటుతో డాలర్లలోకి మార్చొచ్చు.

ఎన్ఆర్‌ఓ వడ్డీ మీద అక్కడ టీడీఎస్ కోస్తే ఇక్కడ విదేశీ పన్ను క్రెడిట్ అడగొచ్చు. అయితే భారత్, కెనడా పన్ను ఒప్పందం ప్రకారం వడ్డీ మీద ఇండియా తీసుకోగలిగేది 15 శాతమే. బ్యాంకు 30 శాతం కోసేస్తే ఆ మొత్తానికీ ఇక్కడ క్రెడిట్ రాదు. పైది ఇండియాలో రిటర్న్ వేసి అక్కడే తెచ్చుకోవాలి. హైదరాబాద్ ఫ్లాట్ అద్దెకిస్తే ఆ అద్దె కూడా ఇక్కడ చూపాలి, ఖర్చులు పోను. అమ్మానాన్నలు పంపిన డబ్బు మాత్రం ఆదాయం కాదు. దాని గురించి అనవసరంగా టెన్షన్ పడకండి.

విదేశాల్లోని డిపాజిట్లు, షేర్లు, అద్దెకిచ్చిన ఇళ్లు, పెట్టుబడిగా పెట్టుకున్న ప్లాట్లు, వీటన్నిటి కొన్న విలువ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా లక్ష కెనడా డాలర్లు దాటితే టీ1135 ఫారం కూడా వేయాలి. మీ కుటుంబం సొంతంగా ఉండటానికి వాడుకునే ఇల్లు ఈ లెక్కలోకి రాదు. కొత్తగా వచ్చినవాళ్లకు రెండు వెసులుబాట్లున్నాయి: రెసిడెంట్ అయిన మొదటి ఏడాది ఈ ఫారం అక్కర్లేదు, ఇంకా ఆ ఆస్తుల విలువను మామూలుగా మీరు రెసిడెంట్ అయిన రోజు మార్కెట్ ధరగా తీసుకుంటారు. ఈ ఫారం వల్ల అదనపు పన్నేమీ పడదు, ఇది సమాచారం ఇవ్వడమే. కానీ ఇవ్వకపోతే రోజుకు 25 డాలర్ల చొప్పున 2,500 దాకా జరిమానా.

ఊబర్, లిఫ్ట్ నడిపేవాళ్లకు టీ4 రాదు. యాప్‌లో ఏడాది ట్యాక్స్ సమ్మరీ దొరుకుతుంది. మనుషుల్ని ఎక్కించుకునే డ్రైవింగ్‌కు మొదటి ట్రిప్పు నుంచే జీఎస్‌టీ/హెచ్ఎస్‌టీ (అమ్మకపు పన్ను) నంబర్ ఉండాలి. 30,000 డాలర్లు దాటేదాకా ఆ నంబర్ అక్కర్లేదన్న పరిమితి ఫుడ్ డెలివరీకి మాత్రమే వర్తిస్తుంది. ఈ యాప్‌లు డ్రైవర్ల ఆదాయాన్ని సీఆర్ఏకు నేరుగా పంపాలన్న నిబంధన వచ్చేసింది, మొదటి గడువు 2025 జనవరిలోనే అయిపోయింది. చూపకపోతే తెలియదన్న రోజులు పోయాయి.

నాలుగో అడుగు: ఇప్పుడు సాఫ్ట్‌వేర్

సీఆర్ఏకు అందరూ వాడుకునే సొంత సాఫ్ట్‌వేర్ లేదు. ప్రైవేట్ కంపెనీల వాటిని పరీక్షించి, నెట్‌ఫైల్ (రిటర్న్‌ను ఆన్‌లైన్‌లో పంపే పద్ధతి) ద్వారా పంపడానికి అనుమతించినవాటి జాబితా ఏటా తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. వెల్త్‌సింపుల్ ట్యాక్స్, టర్బోట్యాక్స్, హెచ్ అండ్ ఆర్ బ్లాక్, యూఫైల్, స్టూడియోట్యాక్స్, జెన్యూట్యాక్స్ లాంటివి ఎక్కువగా వినిపించే పేర్లు. గూగుల్‌లో వెతికి మొదటి ప్రకటన నొక్కకుండా ఆ జాబితాలోని లింకు నుంచి వెళ్లండి. సిన్ నంబర్, బ్యాంకు వివరాలు ఇచ్చే చోటు ఇది.

మీ స్లిప్పుల కాగితం ముందు పెట్టుకుని చూడాల్సింది మొదట ఇదే: మీకు కావాల్సిన ఫారాలు మీరు ఎంచుకున్న ప్లాన్‌లో ఉన్నాయా? ఒక టీ4, ఒక టీ2202 మాత్రమే ఉన్న విద్యార్థికి దాదాపు ఏదైనా సరిపోతుంది, డబ్బు కట్టాల్సిన పనే ఉండదు. సొంత వ్యాపారానికి టీ2125, అద్దెకు టీ776, విదేశీ పన్నుకు టీ2209, విదేశీ ఆస్తులకు టీ1135 కావాలంటే సపోర్ట్ చేసే ఫారాల పేజీ ముందే చదవండి. ఉచితం అని మొదలుపెట్టి, గంటన్నర టైప్ చేశాక షేర్ల పేజీ దగ్గర పై ప్లాన్‌కు మారమంటే, అప్పటికే విసిగి ఉంటాం కాబట్టి కట్టేస్తాం. ఆ వ్యాపారం నడిచేదే ఆ విసుగు మీద. క్యూబెక్‌లో ఉంటే రెవెన్యూ క్యూబెక్‌కు విడిగా టీపీ-1 రిటర్న్ కూడా వేయాలి, దానికి అనుమతి ఉన్న సాఫ్ట్‌వేరే తీసుకోవాలి.

ధర ఒక్కో రిటర్న్‌కా, కుటుంబానికా చూడండి. భార్యాభర్తలిద్దరివీ ఒకే చోట కలిపి చేయడం మేలు. పిల్లల డేకేర్ ఖర్చు సాధారణంగా ఆదాయం తక్కువున్నవాళ్లే క్లెయిమ్ చేయాలి, మెడికల్ ఖర్చులు, విరాళాలు ఎవరి వైపు పెడితే లాభమో కలిపి చేసినప్పుడే తెలుస్తుంది. ఆడిట్ ప్రొటెక్షన్ అని చివర్లో అంటగట్టేది తప్పనిసరి కాదు. మామూలు జీతగాళ్లకు అది దండగ అని నా ఉద్దేశం. సీఆర్ఏ రసీదులు అడిగితే అప్‌లోడ్ చేయడానికి ఎవరికీ ఫీజు కట్టక్కర్లేదు.

అనుమానం తీరకపోతే ఒక చిట్కా. చాలా సాఫ్ట్‌వేర్లు ఫైల్ చేసేటప్పుడే డబ్బడుగుతాయి. అవే అంకెలు రెండింటిలో ఎక్కించి చివరి మొత్తం పోల్చండి. కలవకపోతే లైన్ లైన్ చూసుకుంటూ వెళ్తే తప్పు ఎక్కడుందో దొరుకుతుంది.

ఆదాయం తక్కువగా ఉండి, లెక్క మామూలుగా ఉన్నవాళ్లకు సీఆర్ఏ సాయంతో నడిచే ఉచిత వాలంటీర్ ట్యాక్స్ క్లినిక్‌లున్నాయి. లైబ్రరీలు, కమ్యూనిటీ సెంటర్లలో పెడతారు. "పెద్ద రిఫండ్ తెప్పిస్తా, అందులో వాటా ఇవ్వు" అనే ఏజెంట్ కంటే ఇవి వెయ్యి రెట్లు నయం. లేని విరాళాలు రాసి రిఫండ్ తెప్పిస్తే తర్వాత నోటీసు వచ్చేది మీకు, ఆయనకు కాదు.

ఐదో అడుగు: ఆటోఫిల్, ఆ తర్వాత మీ కాగితం

సీఆర్ఏ అకౌంట్‌తో లాగిన్ అయితే ఆటోఫిల్ మీ స్లిప్పులను రిటర్న్‌లోకి దించుతుంది. టైపింగ్ తప్పులు తప్పుతాయి, వాడండి. కానీ అది తెచ్చేది సీఆర్ఏకు ఆ రోజు దాకా అందినవి మాత్రమే. 2025లో, అంటే 2024 రిటర్న్‌లు వేసిన సీజన్‌లో, కంపెనీలు స్లిప్పులు పంపే పద్ధతిలో సీఆర్ఏ మార్పులు చేయడంతో చాలామంది స్లిప్పులు మార్చి గడుస్తున్నా అకౌంట్లలో కనిపించలేదు. ఆటోఫిల్‌ను మాత్రమే నమ్ముకున్నవాళ్లు సగం ఆదాయంతో ఫైల్ చేసే ప్రమాదం అప్పుడు ఎదురైంది.

దించాక మీ కాగితం తీసి ఒక్కో పేరూ టిక్ పెట్టండి. కాగితంలో ఉండి తెర మీద లేనిది చేత్తో ఎక్కించండి. తెర మీద రెండుసార్లు ఉన్నది, అంటే మీరు ముందే టైప్ చేసినది మళ్లీ ఆటోఫిల్‌లో వచ్చినది, ఒకటి తీసేయండి. సవరించిన టీ4తో పాటు పాతది కూడా దిగిందేమో చూడండి. ఆర్ఆర్ఎస్‌పీ రసీదులు రెండు భాగాలుగా వస్తాయి: డిసెంబర్ దాకా ఒకటి, కొత్త ఏడాది మొదటి 60 రోజులది ఇంకొకటి. రెండోది తరచూ ఆలస్యంగా చేరుతుంది.

ఏ స్లిప్పూ చెప్పని సంగతులు కూడా కొన్ని ఉన్నాయి. అంటారియోలో కట్టిన అద్దె ట్రిలియం బెనిఫిట్ (ఆ ప్రావిన్స్ ఇచ్చే సాయం) కోసం రాయాలి. బేస్‌మెంట్‌కు నగదు ఇచ్చినా ఓనర్ పేరు, రసీదు దగ్గరుండాలి. కొత్తగా వచ్చినవాళ్లను కెనడాలో అడుగుపెట్టిన తేదీ, దానికి ముందు ఆ ఏడాది ఇండియాలో వచ్చిన ఆదాయం ఎంత అని సాఫ్ట్‌వేర్ అడుగుతుంది. ఆ ఆదాయానికి ఇక్కడ పన్ను లేదు. కానీ ప్రాథమిక మొత్తం పూర్తిగా ఇవ్వాలా, రోజుల లెక్కన ఇవ్వాలా అన్నది దాన్ని బట్టే తేలుతుంది. సెప్టెంబర్ 1న దిగి, అప్పటి దాకా హైదరాబాద్‌లో ఉద్యోగం చేసినవాళ్లకు 16,129లో 122 రోజుల వాటా, సుమారు 5,391 డాలర్లే వస్తుంది. అక్కడ ఏ ఆదాయమూ లేని విద్యార్థికి మొత్తం వస్తుంది. ఉద్యోగం చేసినవాళ్లు ఆ ఆదాయం గడిలో సున్నా పెడితే అప్పటికి రిఫండ్ పెద్దదే వస్తుంది, తర్వాత వడ్డీతో వెనక్కి వెళ్తుంది. మొదటిసారి ఫైల్ చేసేవాళ్లకు ఆటోఫిల్ సాధారణంగా పనిచేయదు, ఎందుకంటే సీఆర్ఏ అకౌంట్ తెరవడానికి పాత రిటర్న్‌లోని అంకె అడుగుతారు. ఆ ఏడాదికి అన్నీ చేత్తో ఎక్కించడమే.

ఫైల్ చేశాక

నెట్‌ఫైల్ పంపగానే కన్ఫర్మేషన్ నంబర్ వస్తుంది. దాన్ని, రిటర్న్ పూర్తి పీడీఎఫ్‌ను దించుకోండి. వచ్చే ఏడాది సాఫ్ట్‌వేర్ మారితే ఆ పీడీఎఫే మీకు ఆధారం. స్లిప్పులు, రసీదులు ఆరేళ్లు ఉంచాలి.

మర్చిపోయిన స్లిప్పు తర్వాత దొరికితే కొత్త రిటర్న్ వేయకూడదు. నోటీస్ ఆఫ్ అసెస్‌మెంట్ (రిటర్న్ చూశాక సీఆర్ఏ పంపే లెక్క) వచ్చేదాకా ఆగి రీఫైల్ (పంపిన రిటర్న్‌ను ఆన్‌లైన్‌లో మార్చే సౌకర్యం) ద్వారా సరిదిద్దాలి. సీఆర్ఏ తన దగ్గరున్న స్లిప్పులతో మీ రిటర్న్‌ను తర్వాత పోల్చి చూస్తుంది, కాబట్టి వాళ్లు పట్టుకునే ముందే మీరు చెప్పడం నయం. 500 డాలర్లు, అంతకు మించిన ఆదాయాన్ని ఈ ఏడాదీ, గత మూడేళ్లలో ఏదో ఒక ఏడాదీ వదిలేసి ఉంటే పన్ను, వడ్డీ కాక విడిగా ఇంకో జరిమానా ఉంటుంది.

ఆ నోటీసు వచ్చాక రిఫండ్ అంకె చూసి మూసేయకండి. వచ్చే ఏడాదికి ఆర్ఆర్ఎస్‌పీ పరిమితి ఎంత, పన్ను తగ్గింపుకు వాడకుండా మిగిలిన కాలేజీ ఫీజు ఎంత అన్నవి అందులోనే ఉంటాయి. వచ్చే ఫిబ్రవరిలో సాఫ్ట్‌వేర్ మారితే ఆ ఫీజు మొత్తం చేత్తో ఎక్కించాల్సి రావచ్చు. 15000 లైన్ అంకె, అంటే మీ మొత్తం ఆదాయం, కూడా రాసి పెట్టుకోండి. సీఆర్ఏకు ఫోన్ చేస్తే మీరే అని నిరూపించుకోవడానికి అడిగేది ఎక్కువగా అదే.